కోరుట్ల ఇంటి వెనక కిటికీ

ఆ ఎండాకాలం మా ఆయన సురేందర్ నాతో ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. అది కూడా చాయ్ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండానే. నాకు తెలిసింది ఒక్కటి అని చెప్పడం సరైనదేమో. అప్పటినుంచీ ఆ లెక్క మీద నాకు నమ్మకం పోయింది.

సిరిసిల్లలో మాది ఫొటోల పని. పెళ్లిళ్లూ ఫంక్షన్లూ అందరూ తీస్తున్నారని, మూడేళ్ల కిందట ఆయన గదిని ఒక్క చుట్టులో పట్టే కెమెరా కొన్నాడు. గది నడుమ స్టాండు మీద దాన్ని నిలబెట్టి మనిషి బయటికి వచ్చేస్తే చాలు, నాలుగు గోడలూ, పైకప్పూ, నేలా అన్నీ ఒకే ఫొటోలోకి వచ్చేస్తాయి. ఫోన్లో వేలితో తిప్పుకుంటూ చూస్తే ఆ గదిలో నిలబడి చుట్టూ చూసినట్టే ఉంటుంది. తీసేది ఆయన. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సరిచేసేది నేను. అందులోనూ నా పని ముఖ్యంగా కిటికీలు.

గది వెలుతురుకు తగ్గట్టు ఫొటో తీస్తే కిటికీ తెల్లగా మండిపోతుంది, బయట ఏముందో కనబడదు. అందుకని ఒకే చోటు నుంచి ఎక్కువ వెలుతురుతో, తక్కువ వెలుతురుతో నాలుగైదు తీసి కలుపుతారు. చీకటిగా తీసినదాంట్లో బయటి సంగతి తేటగా వస్తుంది. ఆ బయట బాగుంటే సరే. పక్కింటి గోడో, మురుగు పారే మోరీయో, చెత్తకుప్పో ఉంటే దాన్ని తీసేసి వేరే దృశ్యం పెట్టాలి. పెట్టడం పెద్ద పని కాదు. కిటికీ మారిన సంగతి మిగతా గదికి తెలియకుండా చూడటమే పని. కెమెరా ఎంత ఎత్తున ఉందో బయటి నేల అంతకు తగ్గట్టు ఉండాలి. బయటి దృశ్యం మరీ తేటగా ఉంటే గోడకు క్యాలెండరు తగిలించినట్టు కనిపిస్తుంది, కాబట్టి కాస్త పాలిపోనివ్వాలి. కిటికీ ఊచల అంచుల మీద వెలుతురు కొంచెం పాకాలి. నున్నటి టైల్స్ మీద, టీవీ మీద, బీరువా అద్దంలో కూడా అదే కిటికీ పడుతుంది, వాటినీ మార్చాలి. చాలామంది మరిచిపోయేది అక్కడే. నేను మరిచిపోను. నాకు చిన్నప్పటినుంచీ అనుమానం జాస్తి అని మా అమ్మ అనేది. ఆ గుణం ఇన్నేళ్లకు అన్నం పెట్టింది.

దృశ్యాలు కూడా నావే. ఎక్కడికి పోయినా ఆకాశాన్నీ, చెట్లనూ, పొలాలనూ ఫొటోలు తీసి కంప్యూటర్లో దాచుకుంటాను.

ఉగాది దాటగానే జగిత్యాల గంగయ్య దగ్గరినుంచి పని మొదలైంది. గంగయ్యది పెళ్లి సంబంధాలు కుదిర్చే ఆఫీసు. పిల్లవాడి ఫొటో, జాతకంతో పాటు ఇల్లు కూడా ఫోన్లోనే చూపిస్తే సంబంధాలు తొందరగా ఖాయమవుతాయని ఆయనకు తోచింది. ఇవి కుదిరితే జిల్లాలో ఉన్న పనంతా సురేందర్‌కే ఇస్తానన్నాడు. ఆ ఎండల్లో సురేందర్ మల్యాల, కొడిమ్యాల, ధర్మపురి, మెట్‌పల్లి అన్నీ తిరిగాడు. వైశాఖం వచ్చేసరికి ఇరవై ఇండ్లు చేశాం. ఇరవై ఇండ్లకూ కిటికీలు నేనే మార్చాను.

ఇరవై ఒకటో ఇల్లు మా సంధ్య కోసం వచ్చింది.

సంధ్య నా చెల్లెలు. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో పని చేస్తుంది. అక్కడే హాస్టల్లో ఉండి ఆదివారం ఆదివారం ఇంటికి వస్తుంది. అమ్మ పోయాక మా బాపు రాజయ్య నా దగ్గరే ఉంటున్నాడు. నలభై ఏండ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి చెవులు మందగించిన మనిషి. ఎదురుగా మాట్లాడితే తప్ప వినబడదు. సంధ్య పెళ్లి ఒక్కటి కళ్లారా చూడాలని ఆయనకు తొందర. ఆ తొందర మా ఆయనకు ఎందుకు పట్టుకుందో నాకు అప్పట్లో తట్టలేదు. గంగయ్య దగ్గర మంచి సంబంధం ఉందని మొదట చెప్పింది ఆయనే.

పిల్లవాడి పేరు హరీశ్. కోరుట్ల. వ్యవసాయ శాఖలో ఉద్యోగం. తండ్రి లేడు, తల్లి రాజవ్వ, ఆమెకు ఈయన ఒక్కడే. కాగితంలో అలాగే రాసి ఉంది. సంధ్యకు ఫొటో నచ్చింది. ఇద్దరూ రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నారు కూడా.

ఆ ఆదివారం పొద్దున గంగయ్య ఇంటి లింకు పంపాడు. నలుగురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. సంధ్య తిప్పుతుంటే హాలు, వంటిల్లు, పూజగది అన్నీ చూశాం. చివరికి వెనక పడకగది వచ్చింది. పెద్ద కిటికీ. దాని బయట పచ్చటి పొలం, పొలంలో మోటరు గది.

బాపు ముందుకు వంగి చూశాడు. "ఇల్లు మంచిగున్నది బిడ్డా. ఎన్క పొలం గూడ ఉన్నది. గాలి ఆడ్తది."

సంధ్య నవ్వింది. నేను నవ్వలేదు. గదిలోకి పడిన ఎండ కిటికీ దగ్గరినుంచి కుడివైపుకు వాలి ఉంది. బయట మోటరు గది నీడ ఎడమవైపుకు పడి ఉంది. ఒక్క సూర్యుడితో రెండూ కుదరవు. పైగా గోడమీది క్యాలెండరు మే నెల చూపిస్తోంది. యాసంగి వరి కోసి, వడ్లు ఎత్తి, మడులు నెర్రెలిచ్చే నెలలో ఆ పొలం నాటు వేసిన కొత్తలో ఉన్నట్టు పచ్చగా ఉంది.

"గీ ఇల్లు మనం చెయ్యలే గద?" అన్నాను.

సురేందర్ చేతిలో చాయ్ గ్లాసుంది. "మనం చెయ్యలే. గంగయ్య కాడ హైదరాబాద్ పిలగాడెవలో ఉన్నడట. ఆయన చేసిండు."

"నువ్వు పోనే లేదా?"

"నేనేడ పోయిన? గా రోజు మెట్‌పల్లిల ఉంటి."

ఏ రోజో నేను అడగలేదు. అది ఆయన గమనించలేదు. నేను గమనించాను.

సంధ్య సాయంత్రం బస్సుకు జగిత్యాల వెళ్లిపోయింది. వచ్చే ఆదివారం కోరుట్ల వాళ్లు ఖాయం చేసుకోవడానికి వస్తామన్నారని బాపు వాడకట్టులో నలుగురికీ చెప్పి వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం సురేందర్ పనిమీద వెళ్లాక ఆ గదిని మళ్లీ తెరిచాను. కిటికీకి ఎదురుగోడకు బీరువా ఉంది, దానికి నిలువెత్తు అద్దం. కిటికీ మార్చిన మనిషి అద్దాన్ని మరిచిపోయాడు. పెద్దది చేసి చూశాను. అద్దంలో పొలం లేదు. రేకుల షెడ్డు ఉంది, ఇటుకల గోడ ఉంది, దండెం మీద ఆరేసిన చీర ఉంది. షెడ్డు కింద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఒళ్లో చాట. చాటలో తునికాకు. బీడీలు చుడుతోంది. మొహం సగమే కనబడుతోంది, కానీ ముసలిది కాదు. జడ నల్లగా, పొడుగ్గా ఉంది.

తల్లీ కొడుకూ ఇద్దరే ఉండే ఇంటి వెనక వయసులో ఉన్న ఆడమనిషి ఎవరు? కిరాయికి ఉన్నవాళ్లయితే దాచడం దేనికి? ఆయనకు ముందే పెళ్లయిందా? ఒకదాని వెనక ఒకటి అనుమానాలు వచ్చాయి. మా అమ్మ ఉంటే, కూర్చున్న చోటే నాలుగు ఊర్లు తిరిగొచ్చినవా అనేది.

మరునాడు ఇంకో సంగతి తట్టింది. పొలం వెనక తాటిచెట్లు మూడున్నాయి, నడిమిది వంకర. ఎక్కడో చూసినట్టుంది. ఎంతసేపు చూసినా గుర్తు రాలేదు. చివరికి, ఎందుకు చేశానో తెలియదు, ఆ ముక్కను ఎడమది కుడికీ కుడిది ఎడమకూ తిప్పి చూశాను.

బోయినపల్లిలో మా మేనమామ లస్మయ్య పొలం. మొన్న మాఘంలో గట్టు మీద నిలబడి నేను తీసిన ఫొటో. నా కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. బయట పక్కింటి సాంచాలు టకటకా ఆడుతున్నాయి. నా పని నాకు తెలుసు కాబట్టి ఇంకోటి కూడా తెలిసింది. ఆ ఫొటోను ఉన్నదున్నట్టు పెట్టి ఉంటే మోటరు గది నీడ గదిలోని ఎండకు సరిగ్గా సరిపోయేది. తిప్పడం వల్లనే తప్పింది. సరిపోయేదాన్ని సురేందర్ కావాలని తప్పు వైపుకు తిప్పాడంటే కారణం ఒక్కటే. నేను గుర్తుపట్టకూడదు.

ఆ రెండు రోజులూ ఆయనను చూస్తూ గడిపాను. పన్నెండేళ్ల కాపురం చేసిన మనిషిని కొత్తగా చూశాను. ఫోన్ బోర్లా పెట్టడం ఇప్పుడే మొదలుపెట్టాడా, ఎప్పటినుంచో అలాగే పెడుతున్నాడా? గంగయ్య ఫోన్ చేస్తే బయటికి పోయి మాట్లాడుతున్నాడా, ఇంట్లో సిగ్నల్ లేకనా? అన్నం తింటూ కూర బాగుందన్నాడు. ఎందుకన్నాడు? అడిగేస్తే తేలిపోతుందని తెలుసు. అడిగితే ఆయన ఏం చెప్పినా నేను నమ్మలేనని కూడా తెలుసు. అందుకే ముందు నా కళ్లతో చూడాలనుకున్నాను.

గురువారం ఆయన జగిత్యాలలో ఏదో ఫంక్షన్ హాలుకని వెళ్లాడు. బోయినపల్లికి, మామ దగ్గరికి పోయి వస్తానని బాపుకు చెప్పి నేను వేములవాడలో కోరుట్ల బస్సు ఎక్కాను. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయమేసింది. కథలాపూర్ దాటేదాకా ముందు సీట్లో తెలిసినవాళ్లెవరూ లేరు కదా అని చూసుకుంటూనే ఉన్నాను.

గంగయ్య కాగితంలో ఇంటి నంబరు ఉంది. ముందు గేటు వైపు వెళ్లలేదు. పక్క సందులోంచి ఇంటి వెనక్కి పోయాను. సందు మొదట్లో గడప మీద ఒక ముసలామె కూర్చుని బీడీల కట్టలకు దారం చుడుతోంది.

"ఎవలు గావాలె బిడ్డా?"

"ఫొటోలు తీసినోళ్ల తరఫున అచ్చిన. ఎన్క షెడ్డు చూడాలె."

"లీల కాడికా? పో, తలుపు తీసే ఉంటది." తరువాత గొంతు పెంచి పిలిచింది. "లీలా, నీ కొరకు ఎవలో అచ్చిండ్రు చూడు."

"నా కొరకా మైమూనా చాచీ? నా కొరకు ఎవలస్తరు," అంటూ షెడ్డులోంచి మాట వినిపించింది.

తలుపు నెట్టుకుని వెళ్లాను. అద్దంలో సగం చూసిన మొహం ఇప్పుడు పూర్తిగా చూశాను. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లు ఉంటాయి. నుదుటి మీద పాత దెబ్బ మచ్చ. చాట ఒళ్లోంచి దించకుండానే చేత్తో పీట చూపించింది.

"కూసో అక్కా. అమ్మ అంగట్లకు పోయింది. తమ్ముడు డ్యూటీల ఉన్నడు."

"హరీశ్ నీకు తమ్ముడా?"

"ఆ. ఒక్కడే తమ్ముడు." కత్తెరతో ఆకు కోస్తూ అడిగింది. "గా రోజు ఫొటోలు తీసినాయన మీ ఆయననా?"

"ఎట్లుంటడు గాయన?"

"సన్నగుంటడు. ఎడమ చెయ్యికి రాగి కడెం. మంచోడే. చాయ్ తాగిండు, మా చాచీకి గూడ ఫొటో తీసిచ్చిండు. కిటికీల కనవడ్తున్నవ్ చెల్లే, జర పక్కకు జరుగు అన్నడు. నేను జరగలే. ఆకు అప్పుడే తడిపి పెట్టిన, ఎండల వెడితే ఇర్గిపోతది."

రాగి కడియం నేనే కొండగట్టులో కొనిచ్చాను.

"నిన్నెందుకు జరుగుమన్నడు?"

లీల చాట పక్కన పెట్టింది. చెప్పడానికి ఆమె ఏమీ వెనకాడలేదు. "నాకు ఫిట్స్ అస్తయి. పెండ్లయినంక అత్తగారింట్ల ఒకసారి అచ్చింది, పొయ్యి కాడ పడ్డ." నుదుటి మచ్చ ముట్టుకుంది. "ఎనిమిది నెలలకు ఎన్కకు తోలిండ్రు. ఇప్పుడు తమ్మునికి సంబంధాలు చూస్తుండ్రు గద, నేనున్నట్టు తెలిస్తే గీ రోగం రక్తంల ఉన్నదంటరని అమ్మకు భయం. చూడొచ్చేటోళ్లు అచ్చినప్పుడు నేను చాచీ ఇంట్ల ఉంట." చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుని అడిగింది. "ఫొటో మంచిగచ్చిందా అక్కా? నేనచ్చిన్నా అండ్ల?"

చూపించకుండా వచ్చేయవచ్చు. కానీ చూపించాను. ఫోన్లో ఆ గది తెరిచి కిటికీ వైపు తిప్పాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. చాలాసేపు చూసింది.

"గీ పొలం ఎవలది?"

"మా మేనమామది."

"మంచిగున్నది," అంది లీల.

ఇక ఉండబట్టలేక నేను వేలితో గదిని తిప్పి బీరువా అద్దాన్ని పెద్దది చేశాను. ఆమె ముందుకు వంగి చూసి, ఒక్కసారి పక్కున నవ్వింది. "గీడున్న చూడు. ఎంత సాఫు చేసినా గీడున్న."

ఆమె నవ్వుతుంటే నేను లేచి నిలబడ్డాను. ఆమె ఇంకా ఏదో అడగబోతోంది. బస్సుకు వేళైందని చెప్పి వచ్చేశాను. నేను పెళ్లికూతురు అక్కనని ఆమెకు చెప్పలేదు.

శుక్రవారం ఏమీ అనలేదు. శనివారం మధ్యాహ్నం సంధ్య ఒక పూట ముందే వచ్చింది, మర్నాడు ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు కదా అని. బాపు బజారుకు వెళ్లాడు. సురేందర్ కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను కంప్యూటర్లో బోయినపల్లి పొలాన్ని ఒకపక్కా, కోరుట్ల కిటికీని ఒకపక్కా తెరిచి పెట్టి కుర్చీ పక్కకు జరిపాను.

ఆయన చూశాడు. గుడ్డ కింద పెట్టాడు.

"లీలను కలిసి అచ్చిన," అన్నాను.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. "పిలగాడు మంచోడు శారదా. నేను రెండు రోజులు తిరిగి కనుక్కున్న. తాగడు, ఏం లేదు. అక్కకు ఫిట్సుంటే వాడేం చేస్తడు? చెప్తే మీ బాపు ఒప్పడని, ఖాయమైనంక మెల్లగ చెప్దామనుకున్న. సంధ్య కొరకే చేసిన."

"సంధ్య కొరకా, గంగయ్య కొరకా? జిల్లాల ఉన్న పనంత నీకే ఇస్తనన్నడు గద."

"అన్నడు. అయితే?"

"అయితే ఏ సగం ఎవల కొరకు చేసినవో చెప్పు."

ఆయన మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "నేను ఒక్క ఇంటికి చేసిన. నువ్వు ఇరవై ఇండ్లకు చేసినవ్. గా కిటికీల బయట ఎవలున్నరో ఒక్కనాడన్న అడిగినవా? నీడ సరిపోయిందా, అంచులు సాఫుగ అచ్చినయా, గంతే చూసినవ్. మీ చెల్లెదాక అచ్చినంక నీకు మనుషులు కనవడ్డరు."

నేను కంప్యూటర్లోని రెండు ఫొటోలనూ మూసేశాను.

సంధ్య లోపలి గది గడపలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. నేను అన్నీ చెప్పాను. లీల, ఫిట్స్, చాచీ ఇల్లు, పొలం. ఆమె నన్ను గానీ బావను గానీ ఏమీ అనలేదు. రోజూ రోగాల కాగితాలు చూసే పిల్ల. "ఫిట్స్ అంటుకునే రోగం గాదు గద అక్కా," అని మాత్రం అంది. తరువాత ఫోన్ తీసి హరీశ్‌కు కలిపింది. మేం వినాలనే స్పీకరు పెట్టిందో, అలవాటుగా పెట్టిందో నాకు తెలియదు.

"మీ ఇల్లు చూసినమండి. మంచిగున్నది."

"థాంక్సండి," అన్నాడు అతను. గొంతు మెత్తగా, బాగుంది.

"గా ఎన్క రూమున్నది గద. దాని కిటికీ తీస్తే ఏం కనవడ్తది?"

అటువైపు ఎక్కడో బండి హారన్ మోగింది. "పొలం," అన్నాడు.

"ఏమేసిండ్రు?"

అతను మాట్లాడలేదు. పొలాల మధ్య తిరిగే ఉద్యోగం. మే నెలలో ఏ పొలంలో ఏముంటుందో అతనికి తెలియనిది కాదు. మేం ముగ్గురం ఆ ఫోన్ వైపే చూస్తూ ఉన్నాం.

"సరేనండి," అంది సంధ్య. ఫోన్ పెట్టేసి కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయింది.

మర్నాడు కోరుట్ల వాళ్లు రాలేదు. రావద్దని సంధ్యే గంగయ్యకు ఫోన్ చేసి చెప్పింది. కారణం చెప్పలేదు. బాపు ఆ పూట అన్నం తినలేదు. "ఇల్లు గంత మంచిగుండె," అని రెండు మూడుసార్లు అన్నాడు. ఆయనకు అర్థమయ్యేలా ఎదురుగా కూర్చుని గట్టిగా చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అంతా విని, "గా పిల్లకు ఏమన్న మందులు ఇప్పిస్తుండ్రా?" అని అడిగాడు. మాలో ఎవరికీ రాని ప్రశ్న అది.

నాకు మాత్రం సురేందర్ మాట మనసులోంచి పోలేదు. ఇరవై ఇండ్ల అసలు ఫొటోలు హార్డ్ డిస్కులో ఉన్నాయి. చీకటిగా తీసినవి ఒక్కొక్కటే తెరిచాను. చాలా కిటికీల బయట గోడలు, నీళ్ల ట్యాంకులు, బర్రెల కొట్టాలు, ఆరేసిన బట్టలు. ఊపిరి పీల్చుకుంటున్నాను. పదమూడోది కొడిమ్యాలలో ఒక ఇల్లు. వంటింటి కిటికీ బయట, ముళ్లకంచె పక్కన, ఒకాయన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కెమెరా వైపే చూస్తున్నాడు. ఆయన మీద నేను మామిడితోట పెట్టాను. ఆ తోట ఎంత బాగా కుదిరిందో నాకు గుర్తుంది. ఆ రోజు సురేందర్‌ను పిలిచి చూపించాను కూడా. ఆ ఇంట్లోకి అప్పటికే కోడలు వచ్చేసింది.

మిగతా ఏడూ చూశాను. ఇంకెవరూ లేరు. లేరనే అనుకుంటున్నాను, ఎందుకంటే కిటికీలోంచి కనబడేది కొంతే.

గంగయ్యకు కిటికీల పని చేయనని నేనే చెప్పాను. ఆయన నవ్వి, నువ్వు కాకపోతే ఇంకొకరు అన్నాడు. నిజంగానే ఇంకెవరో చేస్తున్నారు. సురేందర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. మూడు వారాలు మేం అన్నానికి, నీళ్లకు, తాళంచెవులకు మాత్రమే మాట్లాడుకున్నాం. ఒకసారి ఆయన ఒక లాడ్జి ఫొటోలు తెచ్చి నా ముందు పెట్టి, "కిటికీ ఎన్క మోరీ ఉన్నది. మనుషులు లేరు, నేను పోయి చూసిన," అన్నాడు. నిజమే చెప్పి ఉంటాడు. అయినా ఆయన బయటికి పోయాక చీకటి ఫొటోలు తెరిచి చూశాను. అద్దాలు కూడా చూశాను.

జూన్‌లో మిరుగు కార్తె చొచ్చి వానలు పడ్డాక, మామిడికాయ తొక్కు డబ్బా పట్టుకుని సంధ్య దగ్గరికి జగిత్యాల వెళ్లాను. మంగళవారం. ఆ రోజు ఆస్పత్రికి కరీంనగర్ నుంచి నరాల డాక్టరు వస్తాడట, వరండా అంతా మనుషులే. తడి గొడుగుల మధ్యలోంచి దారి చేసుకుని పోతుంటే ఎవరో నా చెయ్యి పట్టుకుని ఆపారు. లీల. కొత్త చీర కట్టుకుంది. చేతిలో మందుల చీటీ.

"నువ్వు సంధ్య అక్కవని గా రోజు చెప్పనే లేదు," అంది, నవ్వుతూనే.

"ఎవలు తోలుకొచ్చిండ్రు నిన్ను?"

ఆమె కళ్లతోనే చూపించింది. ల్యాబు తలుపు దగ్గర హరీశ్ నిలబడి ఉన్నాడు. ఫొటోలో కన్నా నల్లగా, చిన్నగా ఉన్నాడు. అతనికి ఎదురుగా సంధ్య, తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, ఏదో గట్టిగా చెబుతోంది. అతను తలవంచుకుని వింటున్నాడు. ఆమె కోపంగా ఉన్నట్టే ఉంది. కానీ వెళ్లిపోవడం లేదు.

"ఇది మూడోసారి," అంది లీల. "సంబంధం వద్దన్నంక వారం దినాలకు మా తమ్ముడే ఈడికచ్చిండట. మీ చెల్లె వాన్ని మస్తు తిట్టి, ముందుగల మీ అక్కను డాక్టరుకు చూపియ్యుండ్రి అన్నదట. ఇప్పటికి నెలాయె, నాకు ఫిట్స్ ఒక్కసారి గూడ రాలే."

"మీ అమ్మ ఏమన్నది?"

"అమ్మకు ఆస్పత్రి అని తెలుసు. ఏ ఆస్పత్రో తెల్వది. ఈడ ఎవలుంటరో అసలే తెల్వది." నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది. "మళ్ల దాపుడే అక్కా. గని గీసారి దాపెట్టేటోళ్లల్ల నేను గూడ ఉన్న."

డాక్టరు గదిలోంచి పేరు పిలిచారు. లీల చీటీ పట్టుకుని లోపలికి వెళ్లింది. సంధ్య నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి, దగ్గరికి వచ్చి డబ్బా తీసుకుంది. అతని సంగతి నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. సురేందర్ వాకిట్లో బండి తుడుస్తున్నాడు.

"ఆస్పత్రిల ఎవలన్న కలిసిండ్రా?" అన్నాడు.

"తొక్కు డబ్బా ఇచ్చి అచ్చిన," అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. నా మొహంలోకి కాసేపు చూశాడు. ఆయనకు అనుమానం వచ్చిందని తెలుస్తూనే ఉంది. అడుగుతాడేమో అని గడపలో నిలబడ్డాను. ఆయన మళ్లీ బండి వైపుకు వంగాడు.